మోటారు గిర్రున తిరుగుతుంది, లారీ కదలదు: బుల్లి ఆర్‌సీ లారీల సమస్యలు, పరిష్కారాలు

బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్ బాల్కనీయే నా వర్క్‌షాపు. ఇప్పటిదాకా రిమోట్‌తో నడిచే (ఆర్‌సీ) లారీలు నాలుగు కట్టాను, అన్నీ 1:24 సైజువే, అంటే అసలు లారీలో 24వ వంతు. వాటిలో కొన్నది తక్కువ, ఏరుకొచ్చింది ఎక్కువ. ఇరుసులకు సైకిల్ స్పోకులు, వాటిని కప్పే హౌసింగులకు ఇత్తడి గొట్టాలు, గేర్లకు పాత ప్రింటర్లు. మోటారు, రిసీవరు, బ్యాటరీ మాత్రం ఎస్పీ రోడ్డులో కొంటాను. ఆదివారం పొద్దున్నే సండే బజార్‌లో ఒక రౌండు వేస్తే పాడైన ప్రింటరో డీవీడీ ప్లేయరో దొరక్కపోదు. విప్పితే గుప్పెడు గేర్లు.

సొంతంగా చేసిన పార్టులతో ఒక చిక్కుంది. కిట్టు కొని బిగించిన బండి మొరాయిస్తే ఫలానా పార్టు పోయిందని ఇట్టే తెలుస్తుంది. మనం చేసిన బండి మొరాయిస్తే అన్నిటి మీదా అనుమానమే. అందరూ ముందు మోటారును తిడతారు, తర్వాత రిమోట్‌ను. నేనూ తిట్టాను, రెండు మోటార్లు దండగకు కొన్నాను కూడా. తీరా చూస్తే తప్పు మోటారుకూ చక్రానికీ మధ్య ఎక్కడో ఉంది.

ముందు చేత్తో తిప్పి లెక్కపెట్టండి

బ్యాటరీ తీసేయండి. మోటారు నుంచి ఇరుసుకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టును మోటారు దగ్గర విప్పేయండి. గేర్ మోటారు కొసను పట్టుకుని బలవంతంగా మాత్రం తిప్పొద్దు, లోపలి సన్న పళ్లు విరుగుతాయి. షాఫ్టు మీద ఒకటి, చక్రం మీద ఒకటి మార్కరుతో చుక్కలు పెట్టి, షాఫ్టును వేళ్లతో మెల్లగా తిప్పండి. ఎక్కడ పట్టేస్తోందో, ఎక్కడ టిక్కుమంటోందో చూడండి.

నా ఇరుసుల్లో పీనియన్‌కు (షాఫ్టు కొసనున్న చిన్న గేరు) 12 పళ్లు, క్రౌన్‌కు (అది తిప్పే, ఇరుసు మీది పెద్ద గేరు) 36. అంటే షాఫ్టు మూడు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. షాఫ్టు చుట్టుకు ఒకసారి టిక్కుమంటే పీనియన్ పన్ను పోయినట్టు. మూడు చుట్లకు ఒకసారి అయితే క్రౌన్‌లోనో, ఇరుసులోనో, చక్రంలోనో ఉంది తేడా. షాఫ్టు ఒక్క చుట్టులో రెండుసార్లు పట్టి వదులుతుంటే తేడా క్రాస్ జాయింటులో, అంటే షాఫ్టును వంపులోనూ తిరగనిచ్చే కీలులో. మీ పళ్ల లెక్క వేరైతే భాగహారం వేసుకోండి, పద్ధతి ఇదే. ఈ లెక్క తెలిశాక బండి మొత్తం విప్పే పని నాకు చాలావరకు తప్పింది.

మోటారు మోగుతుంది, చక్రాలు తిరగవు

మొదటి కారణం గ్రబ్ స్క్రూ, అంటే షాఫ్టును పక్కనుంచి నొక్కిపట్టే తల లేని బుల్లి స్క్రూ, జారడం. నేను వాడే ఎన్20 రకం బుల్లి గేర్ మోటారు షాఫ్టు 3 మి.మీ., ఒక పక్క చదునుగా ఉంటుంది. స్క్రూ ఆ చదును మీద కూర్చోవాలి. గుండ్రం వైపు బిగిస్తే ఎంత తిప్పినా జారుతుంది. మనం చేసుకున్న షాఫ్టుకు ఆ చదును ఉండదు, ఆకురాయితో మనమే పెట్టాలి. తర్వాత స్క్రూ వదులవకుండా పట్టే జిగురు, నీలం రంగు లాక్‌టైట్ ఒక్క చుక్క. ఫెవిక్విక్ వద్దు. అది బేరింగులోకి పాకిందంటే ఇరుసు మొత్తం చెత్తబుట్టకే.

రెండోది, చక్రం స్పోకు మీదే జారిపోవడం. 14 గేజి స్పోకు 2 మి.మీ. మందం ఉంటుంది, ఒక కొసన మర కూడా ఉంటుంది. అది చూసి ఎం2 నట్టు ఎక్కుతుందని ఆశపడకండి. ఆ మర నొక్కి చేసింది కాబట్టి 2 మి.మీ. కన్నా కాస్త లావు, దాని పిచ్ కూడా వేరు. స్పోకుతో పాటు వచ్చే నిప్పుల్‌నే నట్టుగా వాడండి. రివర్స్‌లో ఒక పక్క నట్టు విప్పుకుంటుంది, దానికీ లాక్‌టైటే మందు.

మూడో కారణం చెప్పడానికి కొంచెం సిగ్గు. వెనక రెండు ఇరుసులూ లాగే పది టైర్ల బండి కట్టి మొదటిసారి నేల మీద పెడితే, మోటారు గర్జిస్తోంది గానీ బండి అంగుళం కదల్లేదు. పైకెత్తి చూస్తే ఒక ఇరుసు ముందుకు, ఒక ఇరుసు వెనక్కి తిరుగుతున్నాయి. రెండో ఇరుసులో క్రౌన్‌ను పీనియన్‌కు అటు పక్కన బిగించాను. క్రౌన్ పక్క మారితే చక్రం తిరిగే దిశ మారుతుంది. విప్పి ఇటు పక్కకు మారిస్తే సరిపోయింది. హౌసింగు మూసే ముందు రెండు ఇరుసులూ ఒకే వైపు తిరుగుతున్నాయో లేదో చూసుకుంటే ఒక సాయంత్రం మిగులుతుంది.

బండి సాఫీగా పోదు, కుదుపుతూ పోతుంది

నన్ను ఎక్కువ రోజులు ఏడిపించింది ఇదే. నెమ్మదిగా నడిపితే ఊపు, ఆగు, ఊపు, ఆగు. స్పీడు పెంచితే చాసిస్ అంతా వణుకు. స్పీడ్ కంట్రోలర్ మార్చాను. మోటారు మార్చాను. అదే కుదుపు.

మా బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్‌గా చేశాడు. వీడియో కాల్‌లో బండిని తలకిందులు చేసి చూపించాను. జాయింటును పట్టుకునే చీలిక కొసల్ని, అంటే యోకుల్ని, చూసీ చూడగానే నవ్వాడు.

“ఒరేయ్, షాఫ్టుకు రెండు కొసల యోకులూ ఒకే లైన్లో పెట్టలేదేంట్రా?”

“బలంగా ఉంటుందని ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా పెట్టా బాబాయ్.”

“బలం సంగతి తర్వాత. ముందు లైన్లో పెట్టు. పెద్ద బండి షాఫ్టు మీద బాణం గుర్తులు ఎందుకు కొడతారనుకున్నావు?”

ఆయన చెప్పింది ఇదీ. క్రాస్ జాయింటు కోణంలో పనిచేసేటప్పుడు మోటారు వైపు ఒకే వేగంతో తిరిగినా అవతలి వైపు అలా తిరగదు. ఒక్క చుట్టులో రెండుసార్లు ముందుకురికి, రెండుసార్లు వెనకబడుతుంది. 30 డిగ్రీల కోణంలో ఆ వేగం 0.87 రెట్లకు పడిపోయి 1.15 రెట్ల దాకా లేస్తుంది. అదే 20 డిగ్రీలైతే తేడా అటు ఆరు శాతం, ఇటు ఆరు శాతం. షాఫ్టుకు రెండు కొసలా ఉన్న యోకులు ఒకే వరసలో ఉండి, రెండు చోట్లా కోణం సమానంగా ఉంటే మొదటి జాయింటు చేసిన తప్పును రెండోది దిద్దుతుంది. నాలాగా ఒకటి అడ్డంగా పెడితే దిద్దకపోగా రెట్టింపు చేస్తుంది.

చేయాల్సింది ఇదీ. షాఫ్టును బల్ల మీద పడుకోబెట్టి రెండు యోకుల పిన్ను రంధ్రాల్లో ఒక్కో సూది గుచ్చండి. రెండు సూదులూ సమాంతరంగా కనిపించాలి. లేకపోతే ఒక కొస సాల్డరింగు కరిగించి తిప్పి మళ్లీ అతకండి. పొడవు మారే షాఫ్టుకు నేను ఒకదానిలో ఒకటి జారే చదరపు ఇత్తడి గొట్టాలు వాడతాను. వాటితో చిన్న ప్రమాదముంది: విప్పి బిగించేటప్పుడు 90 డిగ్రీలు తిరిగిపోయి కూర్చుంటాయి. అందుకే రెండు గొట్టాల మీదా గోళ్ల రంగుతో ఒక గీత గీశాను, బాబాయి చెప్పిన బాణం గుర్తుకు నా బాల్కనీ రూపం. ఇక కోణాల సంగతి. మోటారును ముందుకు వంచో, ఇరుసు మూతిని (పీనియన్ ఉండే వైపును) పైకెత్తో కాదు, మోటారు షాఫ్టూ పీనియన్ షాఫ్టూ సమాంతరంగా ఉండేలా బిగించాలి.

చక్రం చుట్టుకోసారి బిగుసుకుంటుంది, లేదా ఊగుతుంది

రంధ్రం నడిమధ్యలో పడలేదు. కడ్డీని వైసులో బిగించి పైనుంచి డ్రిల్లు చేస్తే బిట్టు ఎప్పుడూ ఒక పక్కకు పాకుతుంది. లేత్ లేని ఇంట్లో దీన్ని తిరగేసి చేయాలి. డ్రిల్లు చక్‌లో ఇత్తడి కడ్డీ ముక్కను బిగించండి, బిట్టును వైసులో నిలబెట్టండి. డ్రిల్లును నెమ్మదిగా తిప్పుతూ కడ్డీని బిట్టు మీదకు దించండి. తిరిగేది కడ్డీ, కదలనిది బిట్టు. అప్పుడు బిట్టు దానంతటదే మధ్యను వెతుక్కుంటుంది. మొదట 1 మి.మీ. బిట్టు, తర్వాత 1.5, చివరికి 2. మధ్యమధ్యలో పైకి లాగి పొడి ఊదేయండి. ఇత్తడి పొడి సన్నగా మెరుస్తూ చాపంతా పరుచుకుంటుంది, ఇంట్లో వాళ్లు చూడకముందే తుడిచేయడం మీ బాధ్యత.

పీణ్య వైపు లేత్ షాపులకు కొదవలేదు. కానీ 6 మి.మీ. పొడవున్న ఒకే ఒక్క ముక్క పట్టుకెళితే మొహమాటానికి కూడా ఎవరూ ముట్టుకోరు. పది ఒకేసారి చేయించుకునేలా ఉంటేనే వెళ్లండి.

గేర్లు కరకరలాడతాయి, పళ్లు రాలతాయి

పాత ప్రింటర్ గేర్లతో వచ్చే చిక్కు ఇది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, మాడ్యూల్ (పళ్ల సైజు కొలత) వేరు. కనుక్కోవడం తేలిక: గేరు బయటి కొలత మి.మీ.లో తీసి, పళ్ల సంఖ్యకు రెండు కలిపి భాగించండి. 36 పళ్ల గేరు 19 మి.మీ. ఉంటే 19ని 38తో భాగిస్తే 0.5 వస్తుంది. దాని జోడీకి కూడా 0.5 రావాలి. ఒకటి 0.5, ఇంకోటి 0.6 అయితే ఎంత గ్రీజు పెట్టినా ఆ సంసారం సాగదు. పళ్లు ఏటవాలుగా ఉన్న గేర్లకు ఈ లెక్క పనికిరాదు, వాటిని పక్కన పెట్టేయండి.

మాడ్యూల్ కలిసినా కరకర ఉంటే దూరం తప్పు. రెండు గేర్ల పళ్లు కూడి, మాడ్యూల్‌తో హెచ్చవేసి, సగం చేస్తే ఆ గేర్ల మధ్యల దూరం వస్తుంది. 0.5 మాడ్యూల్‌లో 12, 36 పళ్లకు సరిగ్గా 12 మి.మీ. చేతి డ్రిల్లుతో ఆ రంధ్రం అంత కచ్చితంగా పడదు కాబట్టి మోటారు బిగించే రంధ్రాలను కాస్త పొడవుగా సాగదీయండి. రెండు గేర్ల మధ్య మామూలు జిరాక్స్ కాగితం ముక్క పెట్టి, మోటారును దగ్గరకు నొక్కి స్క్రూ బిగించి, తర్వాత కాగితాన్ని తిప్పి బయటికి తీసేయండి. కాగితం మందం 0.1 మి.మీ., పళ్లకు కావలసిన సందు దాదాపు అంతే. క్రౌన్ విషయంలో ఈ కిటుకు కుదరదు, పలచటి వాషర్లు ఒక్కోటి వేస్తూ పక్కకు జరపాలి.

3డీ ప్రింటు గేర్ల మీద నా అభిప్రాయం: 0.5 మాడ్యూల్‌లో వద్దు. పన్ను మందం 0.8 మి.మీ. కూడా ఉండదు, ప్రింటరు ప్లాస్టిక్ వదిలే 0.4 మి.మీ. నాజిల్‌తో రెండు గీతలకే సరి. మాడ్యూల్ 1 అయితే నాలుగు గీతలు పడతాయి, గట్టిగా నిలుస్తుంది. ప్రింటుకు వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, కాబట్టి ఎండలో నిలిపిన కారులో లారీని వదిలేయకండి. వేడెక్కిన మోటారు మీద కూర్చునే పీనియన్‌కు కూడా అది పనికిరాదు.

యాక్సిలరేటర్ ఇవ్వగానే బండి ఒక పక్కకు ఒరుగుతుంది

షాఫ్టు ఇరుసును తిప్పబోతుంది, అదే బలం చాసిస్‌ను ఎదురు దిశలో మెలిపెడుతుంది. వేగం తగ్గించే పని మొత్తం మోటారు గేర్‌బాక్సులోనే చేసేస్తే షాఫ్టు మీద భారం ఎక్కువ, ఒరగడమూ ఎక్కువ. అందులో కొంత పని ఇరుసుకు అప్పగించి, అక్కడ మూడు రెట్లు తగ్గించండి. అప్పుడు షాఫ్టు మోసే మెలి మూడో వంతుకు పడిపోతుంది.

ఒరగకుండా వెనక భాగం ఎగిరెగిరి పడుతుంటే తప్పు కమాన్ కట్టలది (ఇరుసును మోసే రేకు స్ప్రింగులు). నావి వడ్రంగి టేపు రేకు కత్తిరించి చేసినవి. అవి పలచగా ఉంటే ఇరుసు మూతి పైకి లేస్తుంది, కట్ట ఎస్ ఆకారంలో వంగుతుంది. ఇంకో రేకు వేయండి, లేదా పెద్ద లారీల్లాగే ఇరుసు పై నుంచి చాసిస్‌కు ఒక టార్క్ రాడ్ కట్టండి. 2 మి.మీ. స్పోకు ముక్కకు రెండు కొసలా ఉంగరాలు వంచితే చాలు.

స్టీరింగ్ తిప్పగానే బండి చచ్చిపోయి మళ్లీ లేస్తుంది

సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు) ఎక్కువ కరెంటు లాగుతోంది, వోల్టేజీ పడిపోయి రిసీవర్ రీస్టార్ట్ అవుతోంది. రిమోట్‌లో ఎండ్ పాయింట్లు (సర్వో ఎంతదాకా తిరగాలో చెప్పే హద్దులు) తగ్గించి సర్వో కొసకు వెళ్లి మూలగకుండా చూడండి. రిసీవర్ ఖాళీ చానెల్‌లో 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, ప్లస్ మైనస్ చూసుకుని. స్టీరింగ్ ముట్టుకోకపోయినా సర్వో వణుకుతుంటే అది మోటారు బ్రష్‌ల గోల. మోటారు రెండు కాళ్ల మధ్య 104 సిరామిక్ కెపాసిటర్ సాల్డర్ చేయండి.

మోటారు ముట్టుకోలేనంత వేడెక్కుతుంది

చేత్తో తిప్పితే షాఫ్టు తేలిగ్గా తిరుగుతోందా? అయితే తప్పు వోల్టేజీది. 2ఎస్ లైపో (రెండు సెల్లుల లిథియం బ్యాటరీ, మామూలు లెక్కలో 7.4 వోల్టులు) నిండుగా ఉన్నప్పుడు 8.4 వోల్టులు. 6 వోల్టుల ఎన్20 దాన్ని ఎక్కువ సేపు భరించలేదు. 12 వోల్టుల రకం, 500 ఆర్‌పీఎం తీసుకోండి. 7.4 వోల్టుల మీద అది 300 దాకా తిరుగుతుంది, ఇరుసులో మూడు రెట్లు తగ్గితే చక్రానికి 100. 44 మి.మీ. టైరుతో లెక్కేస్తే అసలు లారీ సైజులో గంటకు 20 కిలోమీటర్లు. మరీ నెమ్మది అంటారేమో, సాయంత్రం సిల్క్ బోర్డు దగ్గర అసలు లారీలకే ఆ స్పీడు దక్కడం లేదు.