ఇంగ్లిష్ వాక్యంలో తప్పు లేదు, అయినా అర్థం మారిపోతోందా?

ముందు చేయాల్సిన పని ఒకటుంది, ఎంత చెప్పినా చాలామంది చేయరు. మాట మీద అనుమానం రాగానే ఇంగ్లిష్-ఇంగ్లిష్ లెర్నర్స్ డిక్షనరీ తీసి, అర్థం దగ్గర ఆగకుండా కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు చదవాలి. ఆక్స్‌ఫర్డ్‌వీ కేంబ్రిడ్జ్‌వీ నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. "డిస్కస్" అంటే చర్చించడమని తెలిసినవారే "డిస్కస్ అబౌట్ ద ప్లాన్" అని రాస్తుంటారు. ఒక్క ఉదాహరణ చదివితే అక్కడ "అబౌట్" ఉండదని తెలిసిపోతుంది.

సమస్య: మర్యాదగానే అడిగాం, ఆజ్ఞాపించినట్టు వినిపించింది

తెలుగులో మర్యాద క్రియ చివర ఉంటుంది. "పంపండి"లోని "అండి" ఇంగ్లిష్‌లోకి రాదు. "సెండ్ మీ ద ఫైల్" అనగానే అది "పంపు" అయిపోతుంది. "ప్లీజ్" చేర్చితే కాస్త మెత్తబడుతుందే గానీ ఆజ్ఞ ఆజ్ఞగానే ఉంటుంది. దాన్ని ప్రశ్నగా మార్చండి: "కుడ్ యూ సెండ్ మీ ద ఫైల్?" అలాగే "ఐ వాంట్ కాఫీ" బదులు "కెన్ ఐ హావ్ ఎ కాఫీ, ప్లీజ్?"

సమస్య: "యస్" అన్నాం, తలకిందులుగా అర్థమైంది

"ఫైల్ అందలేదా?" అంటే "అవునండీ, అందలేదు" అంటాం. అడిగినవారి మాట నిజమేనని ఒప్పుకుంటున్నాం. ఇంగ్లిష్‌లో యస్, నో మన జవాబులోని క్రియను బట్టి నడుస్తాయి. "డిడంట్ యూ గెట్ ద ఫైల్?" అన్నప్పుడు ఒట్టి "యస్" అంటే అందిందనే అర్థం. "నో, ఐ డిడంట్" అని క్రియతో కలిపి చెప్పండి.

సమస్య: బాగా తెలిసిన మాటే వాడాం, అయినా బెడిసికొట్టింది

అందరినీ దెబ్బతీసేది ఇదే. కొత్త మాటైతే డిక్షనరీ చూస్తాం. డౌట్, హోటల్, టెన్షన్, పాసౌట్ లాంటివి చిన్నప్పటి నుంచీ నోట్లో నలిగినవి, వాటిని వెతకాలని ఎవరికీ తోచదు. అవి తెలుగులోకి వచ్చి ఇక్కడి అర్థంతో స్థిరపడ్డాయి. ఆ అర్థంతోనే తిరిగి ఇంగ్లిష్ వాక్యంలో పెడతాం.

తెలుగులో డౌట్ అంటే అడిగి తెలుసుకోవాల్సిన విషయం, ఇంగ్లిష్‌లో నమ్మకం లేకపోవడం. "ఐ హావ్ సమ్ డౌట్స్ అబౌట్ యువర్ ప్లాన్" అని విదేశీ క్లయింటుకు రాస్తే మీ ప్లాన్ పనికొస్తుందని అనుకోవడం లేదని చెప్పినట్టే. అక్కడ రాయాల్సింది "క్వశ్చన్స్". "ఐ పాస్డ్ ఔట్ ఇన్ 2019" అంటే 2019లో స్పృహ తప్పానని, డిగ్రీ పూర్తయిందని చెప్పాలంటే "ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2019". హోటల్ అంటే బస చేసే చోటు, తినడానికైతే "రెస్టారెంట్". "ఐ యామ్ ఇన్ టెన్షన్" బదులు "ఐ యామ్ వరీడ్". మనిషి పోయారని చెప్పడానికి "ఎక్స్‌పైర్డ్" వద్దు, మందులకూ పాస్‌పోర్టుకూ వాడే మాట అది. "పాస్డ్ అవే" అనండి. ఐటీ ఉద్యోగులు "రివర్ట్" దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. జవాబివ్వమని మీరు రాసిన "ప్లీజ్ రివర్ట్" చూసి అవతలివారు కోడ్‌ను పాత స్థితికి తీసుకెళ్లమన్నారని అనుకోవచ్చు. "ప్లీజ్ రిప్లై" చాలు.

పట్టుకునే పద్ధతి తేలిక. మెయిల్ పంపేముందు ఒక్కో మాట దగ్గర ఆగి, దీన్ని ఇంట్లో తెలుగు మాట్లాడుతూ కూడా అంటానా అని చూసుకోండి. అంటాననిపిస్తే ఆ మాటనే డిక్షనరీలో వెతకండి. వారానికి ఐదు మాటలు వెతికి, పక్కన సరైన మాటతో పూర్తి వాక్యం రాసుకుంటే రెండు నెలల్లో నలభై అవుతాయి, రోజూ ఇలా పొరబడే మాటల్లో చాలావరకు అందులోకి వచ్చేస్తాయి.

వీటిలో చాలావాటిని హైదరాబాద్ ఆఫీసులో అన్నా, చెన్నైలో అన్నా ఎవరూ పొరబడరు. "ప్రిపోన్" (అనుకున్న తేదీ కన్నా ముందే పెట్టడం) లాంటి మన దేశపు మాటకు ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోనే చోటు దొరికింది. వినేవారు ఎవరన్నదే తేడా.

మిగతా కారణాలు అరుదు. బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగ్ తేడాల వల్ల అర్థం చెడదు, ఏదో ఒకదాన్ని పట్టుకుని ఉంటే చాలు. యాస గురించైతే, నెమ్మదిగా మాట్లాడి చూశాక కూడా అర్థం కావడం లేదంటేనే ఆలోచించండి.