పిడకల దండ నుంచి దొప్ప దీపం దాకా: ముందే మొదలుపెట్టాల్సిన పండుగ పనులు

భోగికి రెండు రోజుల ముందు పిడకలు చేస్తే వచ్చేది పొగే, మంట కాదు. నెల పట్టగానే, అంటే డిసెంబరు 16, 17 తేదీల్లోనే మొదలుపెట్టాలి. ఆ రోజుల్లో గోదావరి డెల్టాలో మంచెక్కువ, ఎండ తక్కువ. పిడక లోపలిదాకా ఆరడానికి పదిహేను రోజులైనా కావాలి.

పేడ ఆ పూటదై ఉండాలి. పచ్చగడ్డి మేసిన ఆవు పేడ జారుగా ఉండి, ఆరితే బీటలు తీస్తుంది. అలాంటప్పుడు గుప్పెడు ఊక కలిపి పిసకండి, నీళ్లు మాత్రం పోయొద్దు. నిమ్మకాయంత ముద్దను గారెలా ఒత్తి, మధ్యలో బొటనవేలితో చిల్లు పెట్టాలి. చిటికెనవేలితో పెడితే ఆరేసరికి మూసుకుపోయి తాడు ఎక్కదు. మందం అరంగుళం దాటితే పైన ఎండి లోపల పచ్చిగా ఉండిపోతుంది. గచ్చు మీద వేస్తే అంటుకుని, తీసేటప్పుడు విరుగుతాయి. కింద ఎండుగడ్డి పరవండి. రెండో రోజు తిరగేయండి. పొద్దు వాలగానే లోపల పెట్టేయండి, చాలామంది మరిచిపోయేది ఇదే. రెంటిని తట్టి చూస్తే టకటకమనాలి.

గుచ్చడానికి పురికొస గానీ కొబ్బరితాడు గానీ వాడండి. నైలాన్ తాడు మంటలో కరిగి కంపు కొడుతుంది. చిన్నపిల్లల చేత దండ విసిరించొద్దు. పొడవాటి కర్ర చివర తగిలించి, పెద్దవాళ్లు పట్టుకుని వేయించాలి.

సాయంత్రం భోగిపళ్లలో రేగుపళ్లు, బంతిరేకలు, చిల్లర, చెరుకుముక్కలు కలుపుతారు. చెరుకు చెక్కు తీసి, చిన్నగా తరగండి. ఏడాది నిండని పిల్లకైతే నానబెట్టిన శనగలు మానేయడమే మంచిది, దొరికింది దొరికినట్టు నోట్లో పెట్టుకుంటారు.

మే 15 కాటన్ దొర పుట్టినరోజు (1803). విగ్రహానికి దండ వేసి ఊరుకుంటే పిల్లలకు ఏం తెలుస్తుంది? ఒక చార్టు ఇచ్చి మీ చేలో నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో గీయించండి: చేను, బోదె, పంటకాలువ, ప్రధాన కాలువ, చివరికి ధవళేశ్వరం. ఆయన కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది; ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టింది. మే నెలలో కాలువలు కట్టేసి ఉంటే ఇంకా మంచిది, తూములూ లాకులూ అడుగుదాకా కనిపిస్తాయి.

ఆశ్వయుజ బహుళ తదియ అట్లతద్ది. వాయనానికి పదకొండు అట్లు. మినప్పప్పు ఒక పాలు, బియ్యం రెండు పాళ్లు నానబోస్తే సరిపోతుంది. ఉయ్యాల చింతకొమ్మకు కట్టండి. మునగచెట్టు జోలికి మాత్రం పోవద్దు, పెళుసు కొమ్మ, పుటుక్కున విరుగుతుంది.

కార్తీక అమావాస్య మర్నాడు పోలి పాడ్యమి. తెల్లారకముందే దీపాలు వదలాలి కాబట్టి అరటి దొప్పలు ముందురోజు సాయంత్రమే సిద్ధం చేసి తడిగుడ్డ కప్పండి, లేకపోతే వడిలి ముడుచుకుపోతాయి. గెల కోసేసిన చెట్టుకు పైన చిరిగిన పొరలు తీసేసి, లోపలి గట్టి దొప్పను జానెడు ముక్కలు కోయండి. రెండు చివర్లూ పైకి మడిచి చీపురుపుల్లతో గుచ్చాలి. దొప్పలోని గాలి గదులే దాన్ని తేలుస్తాయి. మట్టి ప్రమిద పెడితే ఆ బరువుకి ఒరిగిపోతుంది. బియ్యప్పిండితో చిన్న ప్రమిద చేసి సరిగ్గా నడిమధ్యన అదమండి. నెలరోజులకూ లెక్కగా ముప్పై వత్తులు కట్టగట్టి రాత్రే నేతిలో నానబెట్టండి. పొడి వత్తి చలిగాలికి నిలవదు.

బకెట్టు నీళ్లలో ఒకటి వదిలి చూడండి. ఒరిగితే ప్రమిదను ఎదురు పక్కకి వేలెడు జరపాలి.

రేవులో ఆఖరి మెట్టు పాచిపట్టి ఉంటుంది, దాని పైమెట్టు మీదే కూర్చోండి. లాకుల దగ్గర వడి ఎక్కువ, అక్కడ వద్దు. దీపం వదిలాక దాని వెనక నీళ్లను చేత్తో మూడుసార్లు మెల్లగా నెట్టాలి, గట్టిగా కొడితే నీళ్లు ఎగిరి వత్తి ఆరిపోతుంది. అంగళ్లలో దొరికే థర్మాకోల్ పళ్లేలు కొనకండి. అవి కుళ్లవు, కొట్టుకుపోయి తూముకి అడ్డం పడతాయి.