ఎండలు ముదరకముందే మొండి మొక్కల సంగతి చూడాలి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. బెజవాడలో చలితో పాటు మొక్కలు నాటే గడువు కూడా పోతుంది. నర్సరీలు కళకళలాడేది మాత్రం సరిగ్గా అప్పుడే. కాగితపు పూలు విరగబూసి ఉంటాయి, బిళ్ళగన్నేరు రంగురంగుల్లో కనిపిస్తుంది. "ఇది మొండి మొక్కండీ, నీళ్లు పోయకపోయినా బతుకుతుంది" అని చేతిలో పెడతారు.

ఆ మాట అబద్ధం కాదు. కాకపోతే అది నేలలో కనీసం ఒక వానాకాలం గడిపిన మొక్కకు వర్తిస్తుంది. గన్నేరు, నందివర్ధనం, తంగేడు, కాగితపు పూల తీగ నీటి ఎద్దడిని తట్టుకునేది వేరు లోతుకు దిగాకే. మార్చి చివర తెచ్చి పెట్టిన మొక్క వేరు ఇంకా జానెడు మట్టిలోనే ఉంటుంది. ఏప్రిల్ ఎండకు ముందుగా ఎండేది ఆ జానెడే. అందుకే కొత్తవి ఇప్పుడు కొనకండి, జూన్ చివర వానలు కుదురుకున్నాక కొనండి.

ఇప్పటికే కొనేసి ఉంటే ఒక పని చేయండి. కవరు తీసే ముందు మట్టి ముద్దను బకెట్ నీళ్లలో ముంచి పెట్టండి. ముందు జోరుగా బుడగలు వస్తాయి, పది నిమిషాలకు తగ్గుతాయి, చివరికి ఆగిపోతాయి. ఆగేదాకా తీయకండి. కొబ్బరి పీచులో పెంచిన మొక్కలకు ఇది తప్పనిసరి. ఆ పీచు ఒకసారి ఎండిందంటే పైనుంచి పోసిన నీళ్లు పక్కలనుంచి జారిపోతాయి తప్ప లోపలికి ఇంకవు. చుట్టూ నేల తడిగానే ఉంటుంది, మొక్క మాత్రం దాహంతో చస్తుంది.

పాత మొక్కలకు అసలు ప్రమాదం ఎండకంటే మన చేతుల వల్లే ఎక్కువ. ఉగాది నాటికి కత్తిరింపులు, కుండీ మార్పులు, ఎరువులు అన్నీ ఆపేయాలి. ఎరువు వేస్తే లేత చిగురు వస్తుంది, ఆ చిగురు మే ఎండకు మాడుతుంది. కొమ్మలు బాగా కత్తిరిస్తే ఇన్నాళ్లూ ఆకుల నీడన ఉన్న కాండం బెరడు ఎండకు కమిలిపోతుంది. యూరియా, డీఏపీ సంచులు తొలకరి దాకా అటకమీదే ఉండనివ్వండి.

నల్లరేగడి ఉన్న గుంటూరు వైపు వాళ్లకు ఇంకో తలనొప్పి, నేల నెర్రెలు విచ్చడం. నెర్రెతో పాటు సన్న వేళ్లూ తెగుతాయి, ఆ సందులోంచి లోపలి తడి కూడా ఆరిపోతుంది. ఫిబ్రవరిలోనే పాదు పైమట్టిని రెండంగుళాల లోతు గుల్ల చేసి, దానిమీద వరిగడ్డో, ఎండుటాకులో మూడు నాలుగంగుళాల మందాన పరవండి. కాండానికి ఆనకుండా బెత్తెడు ఖాళీ వదలండి, లేకపోతే మొదలు కుళ్లుతుంది. పరిచిన ఆకుల్లోకి చేతులు పెట్టొద్దు. చల్లగా ఉందని తేళ్లు, ఒక్కోసారి పాములు చేరతాయి. కర్రతో కదిపి చూశాకే ఏ పనైనా.

నీళ్ల విషయంలో చాలామంది తప్పుదారి పడతారు. రోజూ సాయంత్రం పైపుతో పైపైన తడిపితే వేళ్లు కూడా పైపైనే ఉండిపోతాయి. నేలలో కుదురుకున్న పొదకు వారానికొకసారి రెండు బకెట్లు, నిదానంగా, పాదు నిండా పోస్తే సరిపోతుంది. ఆ పాదు కూడా కాండం మొదట్లో కాకుండా కొమ్మల అంచు కింద ఉండాలి. మొదటి ఏడాది మొక్కకైతే మూడు రోజులకొక బకెట్. మధ్యాహ్నం రెండింటికి మందారం, నందివర్ధనం తలలు వేలాడేస్తే కంగారుపడి నీళ్లు కుమ్మరించకండి. సాయంత్రానికి మళ్లీ నిక్కబొడుచుకుంటే దానికి దాహం లేనట్టే. పొద్దున్న కూడా వాలిపోయి ఉంటే అప్పుడు పోయండి. డాబా మీది ట్యాంకు నుంచి వచ్చే పైపులో పగటి పూట నీళ్లు చేయి పెట్టలేనంత కాగుతాయి, కాబట్టి తెల్లవారుజామున పోయడమే మంచిది. ఆలస్యమైతే ముందు వచ్చే వేడి నీళ్లు పక్కకు వదిలేయండి.

డాబా మీది కుండీలను నేరుగా స్లాబు మీద పెట్టకుండా ఇటుకల మీద ఎత్తి, దగ్గర దగ్గరగా గుంపుగా పెట్టండి. నల్ల ప్లాస్టిక్ కుండీలను గుంపు మధ్యలోకి తోయండి. గ్రీన్ నెట్ కట్టేటట్టయితే గట్టిగా కట్టండి. మే నెల గాలివానకు నెట్ ఊడితే కుండీలనూ వెంటేసుకుపోతుంది. ఎడారి గులాబీకి, కాగితపు పూలకు మాత్రం నెట్ అక్కర్లేదు, నీడన పెడితే వాటికి పూలే రావు. పిండినల్లి కనిపిస్తే వేపనూనె కొట్టొచ్చు గానీ పొద్దు వాలాకే, ఎండలో కొడితే ఆకు మాడిపోతుంది.

పిల్లలకు సెలవులిచ్చే కాలం కాబట్టి ఇది గట్టిగా చెప్పాలి. గన్నేరు, పచ్చగన్నేరు నిలువెల్లా విషమే. పచ్చగన్నేరు గింజలు ప్రాణం తీస్తాయి. ఎడారి గులాబీ పాలు, బిళ్ళగన్నేరు ఆకులు కూడా నోట్లోకి వెళ్లకూడదు. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే పచ్చగన్నేరు జోలికి పోకపోవడమే నా సలహా, పూలకు ఇంకా బోలెడు మొక్కలున్నాయి. గన్నేరు కొమ్మలు కొట్టేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, కొట్టిన కొమ్మలు తగలబెట్టకండి, ఆ పొగ కూడా మంచిది కాదు. మేకలకు, గేదెలకు అందేచోట పారేయొద్దు.

ఊరెళ్తుంటే కుండీలను ఇంటికి తూర్పు వైపు గోడ పక్కకు జరిపి పెట్టండి, మధ్యాహ్నం నుంచి నీడ దొరుకుతుంది. కింద ప్లేట్లలో నీళ్లు నింపి వెళ్లడం మాత్రం వద్దు, తిరిగొచ్చేసరికి దోమల పెంపకం మొదలవుతుంది.

రోహిణీ కార్తె గడిచి తొలకరి పడగానే జాగ్రత్త తిరగబడుతుంది, ఇక భయం నీళ్లు నిలవడం గురించే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఈ మొక్కలకు అంత వరద అక్కర్లేదు, పాదులో రెండు మూడు రోజులు నీళ్లు నిలిచినా ఎడారి గులాబీ దుంప మెత్తబడుతుంది, బిళ్ళగన్నేరు మొదలు నల్లబడుతుంది. ఎండల్లో కష్టపడి కట్టిన పాదు గట్టును మొదటి పెద్ద వానకే ఒకవైపు తెగ్గొట్టి, నీళ్లు పోయే దారి ఇవ్వండి.