చిన్న పెరట్లో తిప్పే కంపోస్టు డ్రమ్ము: ముందు ఎండాకులు దాచుకోండి

తిప్పే కంపోస్టు డ్రమ్ము, అంటే వంటింటి చెత్త వేసి తిప్పుతూ ఎరువు చేసుకునే పీపా, కొన్నవాళ్లు చాలామంది నాలుగు నెలలు తిరక్కుండానే దాన్ని మూల పడేస్తున్నారు. ఎందుకని అడిగితే వాసన, పురుగులు, లోపల నల్లటి ముద్ద అంటారు. డ్రమ్ములో లోపం ఏమీ ఉండదు. వంటింటి చెత్త రోజూ గుర్తుపెట్టుకుని వేస్తాం గానీ దానికి తోడు పడాల్సిన ఎండుసరుకు ఇంట్లో ఉండదు, అదే అసలు సమస్య. అందుకే డ్రమ్ము కొనేముందు మూడు నాలుగు గోనె సంచులు సంపాదించి ఎండాకులు నింపి పెట్టుకోండి.

మన విజయనగరం, శ్రీకాకుళం వైపు ఆకులకి కరువు లేదు. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి వేప, రావి, బాదం ఆకులు వీధి నిండా రాలతాయి, వాటిని ఊడ్చి కుప్పేసి అగ్గిపుల్ల గీసేస్తారు. ఆ కాల్చేదంతా జూన్ నుంచి అక్టోబరు దాకా మనకి కావలసిన సరుకు. వానల్లో పొడి ఆకు దొరకదు, దొరికినా తడిసి ఉంటుంది, సరిగ్గా అప్పుడే పనస తొక్కలు, మామిడి తొక్కలు, నీరుకారే కూరగాయల చెత్త ఇంట్లో ఎక్కువ. ఎండలో బాగా ఆరిన ఆకుని సంచిలో వేసి కాళ్లతో తొక్కితే పొడిపొడిగా నలిగి నాలుగు సంచులది ఒక సంచిలో పడుతుంది. జీడి ఆకు మందం, అది ఇంకాస్త గట్టిగా నలగాలి. ఉద్దానం వైపు వాళ్లకి కొబ్బరి పొట్టు సులువుగా దొరుకుతుంది, అది నీళ్లు బాగా పీల్చుకుంటుంది కాబట్టి వానాకాలానికి మంచిది, కాకపోతే త్వరగా కుళ్లదు, అందుకని ఒక్కటే వేయకుండా ఆకుతో కలిపి వాడండి. ఊక కూడా అంతే, గాలి ఆడడానికి కొంచెం వేయొచ్చు గానీ అది ఎరువయ్యేసరికి చాలా కాలం పడుతుంది. అట్టపెట్టెలు చింపి వేయొచ్చు, టేపు పీకేసి.

ఇక డ్రమ్ము. చిన్న పెరడుకి 70 నుంచి 150 లీటర్లది చాలు. మధ్యలో అడ్డుగోడ ఉండి రెండు గదులు ఉన్నదే తీసుకోండి, ఎందుకో తర్వాత చెప్తాను. స్టాండు గట్టిగా ఉందో లేదో చూడండి, తడి చెత్తతో నిండితే 50 కిలోలు దాటడం మామూలే, సన్న కాళ్ల స్టాండు మట్టిలో ఒక పక్కకి దిగిపోతుంది. కాళ్ల కింద నాలుగు ఇటుకలు పెట్టండి. రోజంతా ఎండ తగిలేచోట వద్దు. మే నెలలో మన ఎండకి నల్ల డ్రమ్ము లోపలి సరుకు ఎండిపోయి కుళ్లడం ఆగిపోతుంది. పొద్దుటి ఎండ పడి మధ్యాహ్నం నీడ వచ్చే తూర్పు గోడ పక్కన గానీ మునగచెట్టు కింద గానీ పెట్టుకుంటే సరి.

మొదటిసారి నింపేటప్పుడు అడుగున రెండు బక్కెట్ల నలిగిన ఆకు, దాని మీద ఒక బక్కెట్ పశువుల గత్తం గానీ పాత కంపోస్టు గానీ వేయండి. గత్తం దొరక్కపోతే తోటమట్టి రెండు గుప్పెళ్లు, ఒక గ్లాసు పుల్లమజ్జిగ చాలు. బజారులో అమ్మే పొడులు లేకపోయినా పని జరుగుతుంది, కుళ్లించే సూక్ష్మజీవులు వాటంతట అవే మట్టిలో ఉంటాయి. ఆ తర్వాత రోజూ ఎంత తడి చెత్త వేస్తే అంతకి సమానంగా, వానల్లో అయితే రెండింతలు, పొడి ఆకు వేయండి. తూకం అక్కర్లేదు, గిన్నెతో కొలిస్తే చాలు. చెత్తని చిన్న ముక్కలు చేయడం మాత్రం మానొద్దు. పనస తొక్క అలాగే పడేస్తే నెల తర్వాత కూడా తొక్కలాగే ఉంటుంది, బొటనవేలంత ముక్కలు చేస్తే కరిగిపోతుంది. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు ఇందులో వేయకండి. జీడి పిక్కల పెంకులు అసలే వద్దు, వాటి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది.

చేపల చెత్త, మాంసం, ఎముకలు, నూనె, పెరుగు కూడా వద్దు (మొదట్లో వేసే గ్లాసు మజ్జిగ తప్ప), పిల్లులూ ఎలుకలూ ఆ వాసనకే వస్తాయి. చేప తలలూ పొలుసులూ ఉంటే కొబ్బరిచెట్టు మొదట్లోంచి మూడడుగులు దూరంగా మోకాలు లోతు గొయ్యి తీసి పూడ్చేయండి. మిగిలిన అన్నం గుప్పెడైతే పర్వాలేదు, గిన్నెడు వేస్తే ముద్ద కడుతుంది. దసరాకీ ఆ తర్వాత మంగళవారం విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికీ ఇంట్లో బంతిపూల దండలు గుట్టగా పడతాయి కదా, అవి మంచి సరుకే, దారాలు మాత్రం లాగేయండి. డ్రమ్ము తిరిగే కొద్దీ ఆ దారాలు మధ్య కడ్డీకి చుట్టుకుని కత్తెరకి కూడా లొంగవు.

తిప్పడం రోజూ అవసరం లేదు. రెండు మూడు రోజులకోసారి, ఒక్కోసారి అయిదారు చుట్లు. మరీ ఎక్కువ తిప్పితే లోపల పుట్టిన వేడి బయటికి పోతుంది. ముప్పాతిక వంతు కంటే ఎక్కువ నింపకండి, పైన ఖాళీ లేకపోతే సరుకు దొర్లదు, దొర్లకపోతే గాలి అందదు. తిప్పేటప్పుడు చెవి పెట్టి వినండి. గలగలమని జారుతుంటే సరిగ్గా ఉన్నట్టు. ధబ్ ధబ్ మని ఒక్కసారే పడుతుంటే లోపల తడి ఎక్కువై ఉండలు కట్టాయన్నమాట. మూత తీసి చూస్తే కొబ్బరికాయంత ఉండలు కనిపిస్తాయి, పైన తడిగా మెరుస్తూ, విరిస్తే లోపల పచ్చగానే ఉండి పుల్లటి వాసన కొడతాయి. గ్లవ్స్ వేసుకుని వాటిని చిదిపి, రెండు గిన్నెల ఆకుపొడి కలిపి, మూడు రోజులు కొత్త చెత్త ఆపేయండి.

తడి సరిపోయిందో లేదో తెలుసుకోడానికి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు వస్తే సరిపోయినట్టు, ధార కారితే ఆకు వేయాలి, చెయ్యి పొడిగా ఉంటే నీళ్లు చిలకరించాలి. ముక్కుకి ఘాటుగా అమ్మోనియా వాసన వస్తే పచ్చి చెత్త ఎక్కువైంది. కుళ్లిన గుడ్డు వాసనైతే గాలి అందడం లేదు. రెండింటికీ మందు ఎండాకే. తెల్లటి సన్న పురుగులు కాకుండా బూడిదరంగులో బల్లపరుపుగా, లావుగా కదిలేవి కనిపిస్తే కంగారు పడకండి, అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. మనల్ని ఏమీ చేయవు, పైగా చెత్తని వేగంగా తినేస్తాయి. వానపాములు మాత్రం ఈ డ్రమ్ములో వేయకండి, వేడికీ దొర్లింపుకీ చచ్చిపోతాయి, పాపం.

ఇప్పుడు రెండు గదుల సంగతి. ఒక గది నిండాక అందులో ఇంక ఒక్క తొక్క కూడా వేయకూడదు. కొత్త చెత్త రెండో గదిలోకి పోవాలి, మొదటిది తిరుగుతూ కుళ్లుతూ ఉండాలి. రోజూ ఏదో ఒకటి వేస్తూ పోతే ఎప్పుడు చూసినా సగం ఎరువు, సగం చెత్త. మన వాతావరణంలో గది మూసిన దగ్గర్నుంచి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. రెండు వారాల్లో ఎరువు తయారని ప్రకటనల్లో చెప్తారు గానీ వంటింటి చెత్తతో అది అయ్యే పని కాదు.

వానల్లో చిల్లులు, మూత కిందివైపు ఉండేలా డ్రమ్ముని ఆపి, పైన ఒక రేకు అడ్డం పెట్టండి. పూర్తిగా పాలిథిన్ కప్పేస్తే ఊపిరాడదు. కింద కారే నల్లనీళ్లకి ఒక పాత బేసిన్ పెట్టి, అవి పదింతలు నీళ్లు కలిపి అరటి మొదట్లో పోయండి, ఆకుకూరల మీద మాత్రం వద్దు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక వస్తే డ్రమ్ముని కిందికి దించి గోడ మూలకి చేర్చి తాడుతో కట్టేయండి. 2014లో హుద్‌హుద్, 2018లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ చూసినవాళ్లకి ఇది విడిగా చెప్పక్కర్లేదు.

నల్లగా, పొడిగా మారి, తొలకరి మట్టివాసన వస్తే బయటికి తీయొచ్చు. వెంటనే వాడకండి, గోనె సంచిలో వేసి నీడన మూడు నాలుగు వారాలు ఉంచాలి. అనుమానం ఉంటే కాస్త తడిపి కవర్లో మూతి కట్టి మూడు రోజులాగి వాసన చూడండి, పుల్లగా ఉంటే ఇంకా సమయం కావాలి. జల్లెడ పట్టి, పైన మిగిలిన పుల్లలూ ముక్కలూ తర్వాతి గదికి తోడుగా వేసేయండి. కుండీలకైతే మూడొంతుల మట్టికి ఒక వంతు ఈ ఎరువు. బచ్చలి, గోంగూర మడికి వేలి మందాన పరిచి మట్టితో కలిపేస్తే సరి. బీర, ఆనప పాదుకైతే రెండు దోసిళ్లు, మొదలుకి ఆనించకుండా జానెడు ఎడంగా వేసి నీళ్లు పెట్టండి.