ప్లీడరు గారు గవర్నర్ అయితే ఆయన గురించి ఎలా రాయాలి

చిన్న ఊరి లాయర్ ఒకాయన గవర్నర్ దాకా వెళ్తే ఆయన మీద రాసే వ్యాసాలన్నీ ఒకేలా ఉంటాయి, పుట్టారు, చదివారు, ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా ఫలానా రాష్ట్రం, అయిపోయింది. అది సర్వీస్ రిజిస్టర్, జీవితం కాదు. మీరు రాయాలనుకుంటే పదవుల లిస్ట్ పక్కన పెట్టి కోర్టు కాగితాలతో మొదలెట్టండి. ఎలాగో వి.వి.గిరి గారిని పెట్టుకుని చెప్తా, రాష్ట్రపతిగా అందరికీ తెలుసు కానీ అంతకుముందు మూడు రాష్ట్రాలకి గవర్నర్ చేశారని చాలామందికి గుర్తుండదు.

ముందు ఊరు, మ్యాపు సరిచూసుకోండి. 1894లో ఆయన పుట్టింది గంజాం జిల్లా బరంపురంలో, అప్పుడది మద్రాస్ ప్రెసిడెన్సీ, ఒరిస్సాలో కలిసింది 1936లో. బెంగాల్లో ఇంకో బరంపురం ఉంది, నెట్‌లో వెతికితే రెండూ కలిసిపోయి వస్తాయి జాగ్రత్త. అలాగే 1965లో ఆయన గవర్నర్‌గా వెళ్ళింది మైసూర్ రాష్ట్రానికి, కర్ణాటక అనే పేరు 1973లో గానీ రాలేదు.

తర్వాత లా చదువు. తండ్రి జోగయ్య పంతులు గారు కూడా ప్లీడరే, కాబట్టి కొడుకు లాయర్ అవ్వడంలో వింత లేదు, వింతంతా చదివిన చోట ఉంది. అందరూ లండన్ వెళ్తుంటే ఈయన 1913లో డబ్లిన్ వెళ్ళారు, అక్కడ ఐరిష్ వాళ్ళ స్వాతంత్ర్య పోరాటం, కార్మిక ఉద్యమం రెండూ దగ్గర్నుంచి చూసి 1916లో ఈస్టర్ తిరుగుబాటు తర్వాత దేశం వదిలి పొమ్మంటే తిరిగొచ్చేశారు. వచ్చి మద్రాస్ హైకోర్టులో ఎన్రోల్ అయ్యారు, సహాయ నిరాకరణ పిలుపు రాగానే ప్రాక్టీస్ వదిలేశారు. ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోండి, నల్లకోటు తీసేసినాయన లా బుర్రని ఎక్కడ వాడాడు? గిరి గారి విషయంలో జవాబు రైల్వే యూనియన్లు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు, 1928 సమ్మె, ఆలిండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్, ఇక్కడే ఎక్కువ పేజీలు ఖర్చు పెట్టాలి. కార్మికుల గొడవల్ని ట్రిబ్యునళ్ళకి, అంటే తీర్పు చెప్పే ప్రత్యేక కోర్టులకి, ఈడ్చకుండా యాజమాన్యం, కార్మికులు ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలని ఆయన పట్టు, హెచ్ఆర్ చదివినవాళ్ళకి "గిరి అప్రోచ్" అని పరీక్షకి వచ్చేది ఇదే. లాయర్ అయ్యుండి కోర్టు వద్దంటాడేంటి అనిపిస్తుంది కదా, అది తేల్చకుండా ముందుకెళ్ళకండి.

రాజీనామాలు వెతకండి, పదవుల కంటే అవే ఎక్కువ చెప్తాయి. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాని ఓడించి మద్రాస్‌లో కార్మిక మంత్రి అవ్వడం అందరూ రాస్తారు, సరే రాయండి. కానీ 1954లో బ్యాంకు ఉద్యోగులకి ట్రిబ్యునల్ ఇచ్చిన జీతాల్ని ప్రభుత్వం తగ్గించిందని కేంద్ర మంత్రి పదవి వదిలేశారు చూడండి, అది అసలు మనిషి.

ఓటములు అస్సలు దాచొద్దు. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానంలో ఓడిపోయారు, అదీ మామూలుగా కాదు. అప్పట్లో కొన్ని నియోజకవర్గాలకి ఇద్దరు ఎంపీలు, ఒక సీటు జనరల్, ఒకటి రిజర్వుడు. ఎస్టీ సీటుకి నిలబడ్డ ఇద్దరికీ ఎక్కువ ఓట్లు పడేసరికి ఒకరు రిజర్వుడు సీటు, డిప్పల సూరి దొర గారు జనరల్ సీటు గెలిచేశారు. ఎస్టీ అభ్యర్థి జనరల్ సీటు ఎలా తీసుకుంటారు, అసలు ఆయన ఇప్పుడు ఎస్టీయేనా అని గిరి గారు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1959లో ఓడిపోయారు. ఈ వాదన ఇవాళ చదివితే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, అయినా రాయాలి, అభిమానం అడ్డం పెట్టుకుని వదిలేస్తే అది వ్యాసం కాదు సన్మాన పత్రం. తీర్పు ఇండియన్ కానూన్ అనే వెబ్‌సైట్‌లో ఫ్రీగా దొరుకుతుంది. ఇద్దరు సభ్యుల నియోజకవర్గాల్ని 1961లో చట్టం చేసి ఎత్తేశారు.

ఇప్పుడు గవర్నర్ సంగతి. రాజ్యాంగం అడిగేది దేశ పౌరసత్వం, 35 ఏళ్ళ వయసు, అంతే, ఓట్లు అక్కర్లేదు లా డిగ్రీ అక్కర్లేదు, కాబట్టి "ఎలా అయ్యారు" కాదు "అప్పుడే ఎందుకు వేశారు" అని అడగాలి. ఎన్నికలో ఓడిన ఏడాదే, జూన్‌లో, ఉత్తరప్రదేశ్ గవర్నర్, అంటే సుప్రీంకోర్టులో కేసు ఓడిపోయేనాటికి ఆయన లక్నో రాజ్‌భవన్‌లో ఉన్నారు! తేదీలు పక్కపక్కన పెడితే తప్ప ఇది కనపడదు. ప్రారంభోత్సవాలు, స్నాతకోత్సవాలు వదిలేసి సంతకం పెట్టాల్సొచ్చిన రోజులు పట్టుకోండి. కేరళలో 1964లో ముఖ్యమంత్రి శంకర్ మంత్రివర్గం పడిపోయింది, 1965 ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాలేదు, కొత్త అసెంబ్లీ ఒక్కసారి కూడా కూర్చోకుండానే రద్దయింది, అప్పుడు గవర్నర్ ఈయనే. ఒప్పుకుంటారో తిడతారో మీ ఇష్టం, ఏదో ఒక పార్టీ వాళ్ళ పుస్తకాలు మాత్రమే చదివి తేల్చకండి, అప్పటి పార్లమెంట్ చర్చలు కూడా చూడండి, పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో ఉంటాయి.

రాష్ట్రపతి భాగం ఇప్పటికే బోలెడు మంది రాశారు, పొట్టిగా కానివ్వండి, కానీ ఒక్క ముక్క వదలొద్దు. ఆయన ఎన్నిక మీదే కేసు పడితే 1970లో పదవిలో ఉండగానే స్వయంగా సుప్రీంకోర్టుకి సాక్షిగా వచ్చారు, ఆ కేసు మాత్రం గెలిచారు.