బైక్‌ని నెలల తరబడి ఆపేముందు

కళింగపట్నం ఉప్పుగాలికి ఊరికే నిలబెట్టిన బండి తొందరగా తుప్పు పడుతుంది. అందుకే పని మీద చెన్నై వెళ్లేముందు మా పాత కార్బ్యురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం) బండికి ఆయిల్ మార్చి, ట్యాంకు నింపించాను. ఖాళీ ట్యాంకులో చెమ్మ చేరుతుంది. పెట్రోల్ ట్యాప్ కట్టేసి, కార్బ్యురేటర్ గిన్నె కింది స్క్రూ వదులు చేసి ఉన్నదంతా సీసాలోకి దించాను. ఆ కాస్త పెట్రోలే ఆరి, జిగురై, పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రాన్ని, అంటే జెట్‌ని, మూసేస్తుంది. మెకానిక్ పని సగం అక్కడే!

తర్వాత స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి, తాళం ఆఫ్‌లోనే ఉంచి కిక్ మెల్లగా తొక్కాను. సిలిండర్ గోడలకి ఆయిల్ పట్టింది. ప్లగ్ బిగించి, బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టాను. సైలెన్సర్ మూతికి పాలిథిన్ కట్టాను.

తిరిగొచ్చాక పాలిథిన్ తీసి, బ్యాటరీ బిగించి, పెట్రోల్ ట్యాప్ తిప్పి, చోక్ వేసి కిక్ కొడితే స్టార్టయింది. కాసేపు నీలం పొగ వచ్చింది, ఆ ఆయిల్ కాలేదాకా.