పోర్టు లోతు ఎంత? రేవులు, జలమార్గాల వివరాలు ఆన్‌లైన్‌లో సరిగ్గా వెతకడం ఎలా

విశాఖలో కార్గో బుకింగ్ పనిలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. రోజుకు కనీసం మూడు నాలుగు పోర్టుల వివరాలు నెట్‌లో చూడాల్సి వస్తుంది. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు, ఎగుమతులు మొదలుపెట్టిన రొయ్యల వ్యాపారులు, శ్రీకాకుళం నుంచి ఓడల మీదకి వెళ్లిన కుర్రాళ్ల అమ్మానాన్నలు అందరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. గూగుల్‌లో పేరు కొట్టి, పైన వచ్చిన సైట్ తెరిచి, కనబడిన అంకె రాసేసుకుంటున్నారు. ఆ అంకెను నమ్మి లక్షలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను, అందుకే ఇది రాస్తున్నాను.

కావాల్సినవి ఒక కంప్యూటర్, ఒక నోట్‌బుక్. ఫోన్‌లో చూడకండి. పోర్టుల సైట్లలో వివరాలు పెద్ద పెద్ద పట్టికల్లో ఉంటాయి. ఫోన్‌లో చివరి గడి తెర బయటికి పోతుంది, షరతులన్నీ రాసేది ఆ గడిలోనే.

1. ముందు కోడ్ పట్టుకోండి

పేరుతో వెతకొద్దు. ట్రిపోలీ అనే రేవు లిబియాలో ఉంది, లెబనాన్‌లోనూ ఉంది. న్యూకాజిల్ ఇంగ్లండ్‌లో ఒకటి, ఆస్ట్రేలియాలో ఒకటి. మన దగ్గర విశాఖ పోర్టు, గంగవరం పోర్టు రెండూ వేర్వేరు అయినా, జనం రెండింటినీ వైజాగ్ పోర్టు అనేస్తారు. ఐక్యరాజ్యసమితి ప్రతి రేవుకూ ఐదక్షరాల కోడ్ ఇచ్చింది, యూఎన్ లోకోడ్ అంటారు. మొదటి రెండక్షరాలు దేశానివి, తర్వాతి మూడు ఊరివి. విశాఖది ఐఎన్‌వీటీజెడ్, సింగపూర్‌ది ఎస్‌జీఎస్ఐఎన్. ఆ జాబితా ఉచితంగా దొరుకుతుంది. నోట్‌బుక్‌లో మొదటి లైను కోడే ఉండాలి.

2. నడిపేవాళ్ల సైట్‌కే వెళ్లండి

పోర్టుకైతే పోర్టు అథారిటీ, కాలువకైతే కాలువ అథారిటీ. మన నదులకు దేశీయ జలమార్గాల సంస్థ ఉంది, నోయిడాలో. ప్రపంచం మొత్తం ఒకేచోట కావాలంటే అమెరికా ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే వరల్డ్ పోర్ట్ ఇండెక్స్ దించుకోండి, మూడు వేలకు పైగా రేవులున్నాయి అందులో. మిగతా డైరెక్టరీ సైట్లు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవే. నేను వాటిని తెరవను, మీరూ తెరవకండి.

దేశంలో 111 జాతీయ జలమార్గాలున్నాయి, 2016 చట్టంలో జాబితా చూడొచ్చు. మన గోదావరి, కృష్ణా, బకింగ్‌హామ్ కాలువ కలిసి నాలుగో నంబరు. అయితే జాబితాలో ఉన్నంత మాత్రాన దాని మీద సరుకు నడుస్తున్నట్టు కాదు. ప్రాజెక్టు రిపోర్టులు రాసే విద్యార్థులు ఇక్కడే దెబ్బతింటున్నారు.

3. లోతు చూడటం

ఇక్కడ నెమ్మదించండి. తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

లోతు వేరు, డ్రాఫ్ట్ వేరు. నీటి మట్టం నుంచి అడుగు నేల దాకా ఉండేది లోతు. ఓడ నీళ్లలో ఎంత మునిగిందో అది డ్రాఫ్ట్. ఓడ అడుగుకీ నేలకీ మధ్య ఎప్పుడూ కొంత నీరు మిగలాలి, కాబట్టి 14 మీటర్ల లోతులోకి 14 మీటర్ల డ్రాఫ్ట్ ఉన్న ఓడను రానివ్వరు. ఏ అంకె చూసినా, అది లోతో డ్రాఫ్టో తేలకపోతే రాసుకోకండి. తేలాక నాలుగు సంగతులు అడగండి: ఎక్కడిది, ఏ మట్టం నుంచి కొలిచింది, ఏ నీటికి, ఏ తేదీది.

ఎక్కడిది అంటే, ఒకే పోర్టులో ఓడ వచ్చే దారికి ఒక లోతు, లంగరు వేసే చోట ఒకటి, బెర్త్ దగ్గర, అంటే ఓడను కట్టి సరుకు ఎక్కించి దించే చోట, ఇంకొకటి. విశాఖలో సముద్రం వైపు ఔటర్ హార్బర్ ఉంది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఇరుకు దారిలో లోపలికి వెళ్తే ఇన్నర్ హార్బర్. బాగా పెద్ద ఓడలు బయటే ఆగుతాయి. అందుకే ‘వైజాగ్ పోర్టు లోతు’ అని ఒక్క అంకె చెప్పడం కుదరదు. బెర్త్ నంబరు కూడా కావాలి.

ఏ మట్టం నుంచి అన్నది ఇంకా ముఖ్యం. చార్టుల మీద వేసే లోతు, పోటు బాగా తగ్గినప్పటి మట్టం నుంచి లెక్కగడతారు. విశాఖలో ఆటుపోట్ల తేడా తక్కువ, గుజరాత్‌లో భావ్‌నగర్ దగ్గర పది మీటర్ల దాకా ఉంటుంది. అక్కడ గంట తెలియకుండా లోతు చెప్పలేం. హుగ్లీ నది మీద కోల్‌కతా, హల్దియాలకైతే ఏ రోజు ఎంత డ్రాఫ్ట్ అని ముందస్తు అంచనాలు వేస్తారు. నిన్నటి అంకె ఇవాళ్టికి పనికిరాదు.

నదుల్లో ఇంకో చిక్కుంది. జర్మనీలో రైన్ నది మీద కౌబ్ అనే ఊళ్లో నీటిమట్టం కొలిచే గేజి ఉంది. 2018 అక్టోబరులో అది 25 సెంటీమీటర్లు చూపించింది. మోకాలి లోతు కూడా లేదని చాలామంది అనుకున్నారు. గేజి సున్నా నది అడుగున ఉండదు. అక్కడ గేజి సుమారు 78 సెంటీమీటర్లు చూపిస్తే, పడవలు నడిచే దారిలో 1.90 మీటర్ల నీరు ఉన్నట్టు లెక్క. అంటే గేజికి 1.12 మీటర్లు కలపాలి. 25 సెంటీమీటర్లప్పుడు దారిలో ఉన్నది దాదాపు 1.37 మీటర్లు. పడవలు ఆగిపోలేదు, సరుకు బాగా తగ్గించి నడిపారు.

ఏ నీటికి అన్నది పనామా కాలువ దగ్గర పట్టేస్తుంది. అది గాటూన్ మంచినీటి సరస్సు మీదుగా పోతుంది. ఉప్పునీటి కంటే మంచినీటిలో ఓడ ఎక్కువ మునుగుతుంది. అక్కడ ఓడల్ని పైకెత్తి దించే నీటి గదుల్ని లాకులంటారు. పాత లాకులకు చెప్పే 12.04 మీటర్లు మంచినీటి లెక్క, అదే ఓడకు సముద్రంలో సుమారు అడుగు తక్కువ వస్తుంది. సూయజ్‌లో లాకులు లేవు, అక్కడ ఓడ వెడల్పు చూస్తారు. 50 మీటర్ల వెడల్పు దాకా 20.1 మీటర్ల డ్రాఫ్ట్ ఒప్పుకుంటారు, అంతకంటే వెడల్పు పెరిగేకొద్దీ తగ్గిస్తారు.

ఇక తేదీ. 2023లో వానల్లేక గాటూన్ సరస్సు తగ్గితే, పనామా కొత్త లాకుల డ్రాఫ్ట్‌ను 50 అడుగుల నుంచి 44కి దించారు. మామూలుగా రోజుకు 36 ఓడలు దాటేచోట డిసెంబరులో 22కే పర్మిషన్. పాత పేజీ చూసినవాళ్లకు ఇదేం తెలుస్తుంది? మా కస్టమర్ ఒకాయన ఓ డైరెక్టరీ సైట్ నుంచి ప్రింట్ తీసుకొచ్చారు, ఒక బెర్త్‌కు 12.5 మీటర్లని. పూడిక చేరి 11.8కి తగ్గించినట్టు పోర్టు సర్క్యులర్ అప్పటికే వచ్చి ఉంది. ఓడ మూడు రోజులు బయట లంగరేసి, కొంత సరుకు బార్జీల్లోకి, అంటే చదునైన సరుకు పడవల్లోకి, దించాక లోపలికి వచ్చింది. ఓడ ఆలస్యానికి పడే డెమరేజ్ ఆయనే కట్టారు. అప్పటినుంచి ప్రతి అంకె పక్కన తేదీ రాస్తాను. తేదీ లేని అంకె కొట్టేస్తాను.

4. ఓడ ఇప్పుడు ఎక్కడుందో చూడటం

మెరైన్ ట్రాఫిక్, వెసెల్ ఫైండర్ సైట్లు ఇందుకు చాలు. ఓడలు అమ్ముడైతే పేర్లు మారతాయి, కాబట్టి పేరు మారినా మారని, ఓడకు ఇచ్చే ఏడంకెల ఐఎంఓ నంబరుతోనే వెతకండి. నంబరు సరిగ్గా రాసుకున్నారో లేదో చూసుకునే లెక్క ఉంది. మొదటి ఆరంకెల్ని వరుసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడితే, మొత్తంలో ఆఖరి అంకె, నంబరులో ఏడో అంకె ఒకటే కావాలి. 2021 మార్చిలో సూయజ్‌లో ఆరు రోజులు ఇరుక్కున్న ఎవర్ గివెన్ నంబరు 9811000. లెక్కేస్తే 120 వస్తుంది, ఆఖరిది సున్నా, సరిపోయింది.

మ్యాప్‌లో ఓడ ఉన్న చోటు జీపీఎస్ నుంచి దానంతటదే వస్తుంది. వెళ్లే ఊరు, చేరే టైము, డ్రాఫ్ట్ మాత్రం ఓడలోవాళ్లు చేత్తో కొట్టేవి. పాతవి మార్చడం మరిచిపోతారు కూడా.

కొడుకు ఓడ కోసం చూసే అమ్మానాన్నలకు ఒక మాట. ఉచిత సైట్లలో సిగ్నల్ ఎక్కువగా తీరంలోని రిసీవర్ల నుంచే వస్తుంది. నడిసముద్రంలోకి వెళ్లాక మ్యాప్‌లో ఓడ బొమ్మ అక్కడే ఆగిపోతుంది, టెన్షన్ పడకండి. బొమ్మ మీద నొక్కితే చివరి సిగ్నల్ ఎప్పుడొచ్చిందో కనిపిస్తుంది. అక్కడ యూటీసీ (ప్రపంచమంతా వాడే ప్రామాణిక టైము) అని ఉంటే మన టైముకు ఐదున్నర గంటలు కలుపుకోవాలి. మళ్లీ ఏదో ఒక తీరం దగ్గర పడగానే బొమ్మ కదులుతుంది.